పాత ట్రాక్టర్‌కి సరిపోయే సిలిండర్ హెడ్ వెతకడం ఎలా: పేరు కాదు, రంధ్రాలు కలవాలి

మొన్నటి వానాకాలం నాట్లప్పుడు దేవరకొండ దగ్గర మా బావ ట్రాక్టర్ హెడ్ (ఇంజన్ పైన సిలిండర్లను మూసే ఇనుప దిమ్మ) పగిలింది. మూడు సిలిండర్ల పాత బండి, కేజ్‌వీల్స్ (బురదలో నడిచే ఇనుప చక్రాలు) వేసి కరిగెట దున్నుతుంటే మరిగింది. నాట్ల టైం కదా, కూలీలు ఒప్పుకుని ఉన్నారు, టెన్షన్. హైదరాబాద్‌లో ఒక షాపుకి ఫోన్ చేసి మోడల్ పేరు చెప్తే మర్నాటికల్లా గోనెసంచిలో చుట్టిన హెడ్ బస్సు కార్గోలో దిగింది. హెడ్‌ను బిగించే స్టడ్లన్నిటి మీదా సాఫీగా కూర్చుంది, గాలి, పొగ గొట్టాల మ్యానిఫోల్డ్ పట్టింది, డీజిల్ చిమ్మే నాజిళ్లు దిగాయి, సెల్ఫ్ కొట్టగానే ఒకే దెబ్బకి స్టార్ట్ అయింది. ఆ రాత్రి అందరం నిశ్చింతగా తిని పడుకున్నాం.

తెల్లారి టాపెట్లు (వాల్వుల దగ్గరి గ్యాప్) సరిచేద్దామని పైమూత విప్పితే వాల్వులను నొక్కే రాకర్ల మీద నూనె చుక్క లేదు. బాగా ఎండిపోయి, రాకర్ కొనలు వాల్వ్ మీద రాసుకున్నచోట గీతలు పడి ఉన్నాయి. మళ్లీ హెడ్ దింపి, దానికీ కింద సిలిండర్లుండే బ్లాక్‌కీ మధ్య పరిచే ప్యాకింగ్ పాతది తెచ్చి కొత్త హెడ్ మీద పరిస్తే విషయం తెలిసింది. వెనక మూలన రాకర్లకి నూనె ఎక్కే రంధ్రం చిటికెనవేలు మందం పక్కకి ఉంది. బ్లాక్‌లోంచి వచ్చిన నూనె హెడ్ ఇనుముకి తగిలి అక్కడే ఆగిపోతోంది.

షాపాయనను తిట్టి లాభం లేదు. ఆయన అడిగిన పేరుకి హెడ్ ఇచ్చాడు, మనమే పేరు చెప్పి హెడ్ అడిగాం. పాత బండ్ల విషయంలో జరిగే తప్పు తొంభై పాళ్లు ఇదే, అందుకే ఈ పని ఏ వరసలో చేయాలో మొత్తం రాస్తున్నాను.

ముందు: పోయింది నిజంగా హెడ్డేనా?

నీళ్లు తగ్గుతున్నాయి, బండి మరుగుతోంది, నూనె పాలలాగా తెల్లబడింది అనగానే హెడ్ పోయిందంటారు. కావచ్చు. హెడ్ ప్యాకింగ్ ఒక్కటే పోయి ఉండొచ్చు, లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) కింది రబ్బరు రింగులు పోయి ఉండొచ్చు, లైనర్‌కే సూదిమొనంత రంధ్రం పడి ఉండొచ్చు. ఇవి తేల్చుకోకుండా హెడ్ కొంటే డబ్బులు పోతాయి, రోగం మాత్రం అలాగే ఉంటుంది.

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, నీళ్లు అంచుదాకా నింపి, స్టార్ట్ చేసి చూడండి. కాగిన ఇంజన్ మీద మూత తీస్తే మొహం కాలుతుంది, ఇది సరదాకి చెప్పే జాగ్రత్త కాదు. స్టార్ట్ అయిన నిమిషంలోపే ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి తప్పించుకుంటోందన్నమాట. ఏ సిలిండర్ నుంచో పట్టుకోవడానికి మేస్త్రీలు చేసే పని ఒకటుంది: ఇంజన్ మెల్లగా తిరుగుతుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేస్తారు, ఏ సిలిండర్ పని ఆపినప్పుడు బుడగలు తగ్గాయో దోషం అక్కడ. ఆ పైపులో డీజిల్ ఎంత ప్రెషర్‌తో వస్తుందంటే చర్మం చీల్చుకుని లోపలికి పోగలదు, కాబట్టి నట్టు దగ్గర గుడ్డ అడ్డం పెట్టాలి, చెయ్యి పెట్టొద్దు.

బుడగలు లేవు, కానీ నూనెలో నీళ్లు చేరుతున్నాయి అంటే అనుమానం కిందికి మళ్లాలి. సాయంత్రం కింది ఆయిల్ చాంబర్ విప్పేసి, రేడియేటర్ నింపి, కింద పేపర్లు పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున టార్చి వేసి చూస్తే చుక్కలు లైనర్ కింది అంచు నుంచి కారుతున్నాయా, పైనుంచి సిలిండర్ లోపలి గోడ మీదుగా వస్తున్నాయా కనిపిస్తుంది. మొదటిదైతే రింగుల పని, హెడ్ జోలికి పోవక్కర్లేదు.

హెడ్ దింపాల్సి వస్తే ఇంజన్ చల్లారాకే, అంచుల నుంచి మధ్యకి వస్తూ నట్లు కొంచెం కొంచెంగా వదులు చేయాలి. వేడి మీద విప్పితే బాగున్న హెడ్ కూడా వంగుతుంది. దింపాక మసి గీకి, కిరోసిన్‌తో కడిగి, తుడిచి ఆరబెట్టి, సుద్దపొడి రుద్దండి. పగులు ఉంటే అందులో ఇంకిన కిరోసిన్ కాసేపట్లో సుద్ద మీదికి తడిగీతలా ఊరుతుంది. ఎక్కువగా రెండు వాల్వుల మధ్య సన్నటి ఇనుము దగ్గర, లేదా వాల్వ్ సీటు నుంచి నాజిల్ రంధ్రం వైపు వస్తుంది. గీత కనపడకపోతే అంతా బాగున్నట్టు కాదు. నీటి దారులన్నీ మూసి, హెడ్‌ను వేడినీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టి చూసే లీక్ టెస్ట్ ఇంజన్ వర్క్‌షాపుల్లో చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడెక్కితే తెరుచుకునే పగుళ్లు అందులోనే బయటపడతాయి.

హెడ్ వంగిందా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. వంకర లేని స్టీలు బద్దను నిలువుగా, అడ్డంగా, మూలమూలకీ పెట్టి కింద ఫీలర్ గేజ్ (సన్నటి కొలత రేకుల కట్ట) దూర్చి చూడాలి. 0.10 మి.మీ. రేకు సులువుగా దూరిందంటే ఫేసింగ్ (అడుగు చెక్కి చదును చేయడం) అవసరమని మా మేస్త్రీల లెక్క, మీ ఇంజన్ పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే నమ్మండి.

ఫేసింగ్ కొట్టించి వాడేయొచ్చు కదా అంటారా? ఒకసారి, రెండుసార్లు కొట్టించొచ్చు. కానీ అడుగు చెక్కిన కొద్దీ వాల్వ్ తలలు పిస్టన్‌కి దగ్గరవుతాయి, నాజిల్ ముక్కు ఎక్కువ బయటికి పొడుస్తుంది. వాల్వులు తగులుతాయని సీట్లు లోతుగా కోయిస్తే కంప్రెషన్ తగ్గి చలికాలం పొద్దున బండి స్టార్ట్ అవదు. అందుకే ఇంతకుముందు ఎన్నిసార్లు ఫేసింగ్ అయిందో తెలియని హెడ్‌ను ముందు ఎత్తు కొలవాలి. పగులుకి వెల్డింగ్ చేస్తామనేవాళ్లూ ఉన్నారు. పోత ఇనుముకి నికెల్ రాడ్డుతో, హెడ్ మొత్తం సమానంగా వేడిచేసి అతికి, బూడిదలోనో సున్నంలోనో కప్పి నిదానంగా చల్లారిస్తే నిలబడొచ్చు. హడావుడిగా అతికి బయట పెడితే అతుకు పక్కనే కొత్త పగులు వస్తుంది. ట్రాలీకి, నీళ్ల ట్యాంకర్‌కి తిరిగే బండి అయితే సరే గానీ, రోటవేటర్ వేసి ఎండల్లో రోజంతా తిప్పే బండికి అతుకు హెడ్ నేనైతే పెట్టను.

ఇక్కడో మాట. మన నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, అది మనుషుల ఎముకల సంగతి. ఇంజన్‌ని తినేది నీళ్లలోని సున్నం. రోజూ నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, హెడ్ లోపలి నీటి దారుల్లోనూ అదే కడుతుంది. పెచ్చు కట్టినచోట వేడి నీళ్లలోకి దిగదు, ఇనుము అక్కడే ఎర్రగా కాగి పగులుతుంది. మా బావ హెడ్ రంధ్రాల్లో స్క్రూడ్రైవర్ పెట్టి గీకితే చిన్న దోసెడు పెచ్చులు రాలాయి. కొత్త హెడ్ పెట్టి పాత రేడియేటర్‌లో అవే బోరు నీళ్లు పోస్తే ఈ మొత్తం పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

నంబర్లు తీయడం

హెడ్ పోయిందని తేలాక షాపుకి ఫోన్ చేసే ముందు ఒక కాగితం మీద రాసుకోవాల్సినవి మూడు: ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, హెడ్ మీద పోతలో వచ్చిన నంబరు.

మొదటి రెండూ ఆర్‌సీలో ఉంటాయి కానీ ఆర్‌సీ చూసి రాయకండి, బండి మీద చూసి రాయండి. మన దగ్గర నాలుగు చేతులు మారిన బండ్లలో ఇంజన్ మార్చినవి బోలెడు. ఆర్‌సీలో ఒక నంబరు, బ్లాక్ మీద ఇంకో నంబరు ఉందంటే మీ బానెట్ మీద పేరుకీ లోపలి ఇంజన్‌కీ సంబంధం లేకపోవచ్చు. (ఆ సంగతి ఆర్‌టీఏ దగ్గర సరిచేసుకోవడం వేరే పని, అదీ చేసుకోండి.)

పోత నంబరు హెడ్ పక్కభాగంలోనో, పైన రాకర్ మూత కిందనో ఉబ్బెత్తు అంకెలుగా ఉంటుంది. ముప్పై ఏళ్ల గ్రీజు, దుమ్ము, పెయింట్ కింద దాక్కుని ఉంటుంది కాబట్టి తీగబ్రష్‌తో రుద్ది, దాని మీద సుద్ద అడ్డంగా రాసి, సెల్ టార్చి పక్కనుంచి వేసి ఫోటో తీయండి. ఎదురుగా లైటు వేస్తే 3కీ 8కీ తేడా తెలియదు. చివర ఏదైనా అక్షరం ఉంటే అదీ రాసుకోండి, ఒక్కోసారి అసలు తేడా ఆ అక్షరంలోనే ఉంటుంది.

పోత నంబరు, పార్ట్ నంబరు ఒకటి కాదు. ఒకే అచ్చులో పోసిన హెడ్‌ను ఒక మోడల్‌కి ఒకలా, ఇంకో మోడల్‌కి ఇంకోలా డ్రిల్ చేస్తారు. అచ్చు ఒకటే, రంధ్రాలు వేరు. కాబట్టి పోత నంబరు కలిసిందంటే సగం పని అయినట్టే, పూర్తిగా కాదు. పార్ట్ నంబరు కావాలంటే డీలర్ దగ్గర పార్ట్స్ కేటలాగ్‌లో మీ ఇంజన్ నంబరు ఏ వరసలో పడుతుందో చూసి తీయించుకోవాలి. పాత నంబరు ఆపేసి దాని బదులు కొత్త నంబరు ఇచ్చి ఉంటారు, ఆ సంగతి కౌంటర్‌లో కుర్రాడు కంప్యూటర్‌లో కొడితే తెలుస్తుంది. పాత నంబరు లేదనగానే వెనక్కి రాకండి.

పేరు ఎందుకు పనికిరాదో మన ఊళ్లలో తిరిగే బండ్లతోనే చెప్తాను. మాసీ ఫెర్గూసన్ 35 విదేశాల్లో మొదట నాలుగు సిలిండర్ల స్టాండర్డ్ డీజిల్ ఇంజన్‌తో వచ్చింది, 1959 చివర్లో దానికి మూడు సిలిండర్ల పెర్కిన్స్ పెట్టారు, పేరు మాత్రం 35గానే ఉంది. మన టాఫే 1035లు ఆ రెండో వంశానివి. మహీంద్రాలో పాత బీ-275 ఇంటర్నేషనల్ హార్వెస్టర్ డిజైన్, నాలుగు సిలిండర్లు. తర్వాత వచ్చిన 275 డీఐ మూడు సిలిండర్లు. ఊళ్లో రెండిటినీ ‘రెండొందల డెబ్బై ఐదు’ అనే పిలుస్తారు. ఫోన్‌లో ఆ మాట చెప్తే అవతలివాడు ఏది తీయాలి? ఫోర్డ్ 3600ని, దాని వంశంలో వచ్చిన ఫార్మ్‌ట్రాక్‌ని కలిపి ‘ఫోర్డే’ అంటారు, సామాన్లు కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు. పాత స్వరాజ్‌లలో కిర్లోస్కర్ డిజైన్ ఇంజన్లు, సిలిండర్‌కో హెడ్ విడిగా ఉంటుంది. ఒకటి పోతే ఒకటే మార్చుకోవచ్చు, అది పెద్ద సుఖం. హెచ్‌ఎంటీ బండ్ల సంగతి వేరు, పింజోర్ ట్రాక్టర్ ప్లాంటు మూతకి కేంద్రం 2016లో ఒప్పుకుంది, వాటికి కంపెనీ కౌంటర్ ఆశ వదులుకుని బయటి తయారీ, పాత సామాన్ల దారే పట్టాలి. గాలితో చల్లబడే పాత ఐషర్ ఉందనుకోండి, దాని హెడ్‌లో నీటి దారులే ఉండవు కాబట్టి పైన చెప్పిన బుడగల పరీక్ష దానికి పనికిరాదు.

పోల్చడం: ప్యాకింగే మీ నమూనా

అన్నిటికంటే తీరిగ్గా చేయాల్సిన పని ఇది, అందరూ అన్నిటికంటే తొందరగా ముగించే పనీ ఇదే.

పాత ప్యాకింగ్ పారేయకండి. అది చిరిగిపోయి ఉంటే హెడ్‌ను అట్ట మీద బోర్లించి, ప్రతి రంధ్రంలో పెన్సిల్ తిప్పి గీసి, బ్లేడుతో కోసి నమూనా తయారు చేసుకోండి. అరగంట పని. దాన్ని మడతపడకుండా హైదరాబాద్ తీసుకెళ్లి, కొత్త హెడ్ మీద పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి రంధ్రం తర్వాత రంధ్రం వేలు పెట్టి చూడండి. స్టడ్ రంధ్రాలు, పుష్‌రాడ్లు (రాకర్లను కిందినుంచి నెట్టే కడ్డీలు) వచ్చేవి, నీళ్లు ఎక్కేవి, రాకర్‌కి నూనె ఎక్కేది. స్టడ్లు ఎలాగూ కలుస్తాయి, కలవకపోతే కూర్చోదు, అక్కడే తెలిసిపోతుంది. మోసం చేసేవి నీటి రంధ్రాలు, నూనె రంధ్రం. కూర్చుంటుంది, స్టార్ట్ అవుతుంది, మా బావ బండిలాగా. నీటి రంధ్రం ఒకటి మూసుకుపోతే ఆ సిలిండర్ మాత్రమే కాగుతుంది, నెల తర్వాత మళ్లీ అక్కడే పగులుతుంది, అప్పుడు నిందంతా హెడ్ తయారుచేసినవాడి మీద పడుతుంది.

తర్వాత నాజిల్. ఇంజన్ పేరు చివర డీఐ అంటే డీజిల్ నేరుగా పిస్టన్ తల మీదున్న గుంటలోకి కొడుతుంది, హెడ్ అడుగు దాదాపు చదునుగా ఉంటుంది. అంతకన్నా పాత తరహా వాటిలో హెడ్‌లోనే చిన్న గది ఉండి, డీజిల్ అందులో అంటుకుని కిందికి వస్తుంది, హీటర్ ప్లగ్‌కి వేరే రంధ్రం కూడా ఉంటుంది. ఈ రెండు రకాల హెడ్లూ ఒకే బ్లాక్ మీద కూర్చున్నా సరే కలపకూడదు, పిస్టన్ ఒకరకం, హెడ్ ఒకరకం అయితే మంట ఎక్కడ మండాలో అక్కడ మండదు. ఒకే రకం అయినా నాజిల్ రంధ్రం లావు, లోపల రాగి వాషర్ కూర్చునే మెట్టు లోతు, వాలు, నాజిల్‌ను పట్టి ఉంచే స్టడ్ల దూరం చూడాలి. మీ పాత నాజిల్ ఒకటి జేబులో వేసుకుని వెళ్లి వాషర్‌తో సహా పెట్టి చూడండి, అడుగు వైపు ముక్కు ఎంత పొడుచుకొచ్చిందో పాత హెడ్‌తో పోల్చండి. మెట్టు లోతు తేడా ఉంటే డీజిల్ గుంటలో కాకుండా అంచు మీద పడుతుంది, నల్లపొగ, నాక్ (ఇంజన్ కొట్టుకునే చప్పుడు), కొన్నాళ్లకి పిస్టన్ తల కరగడం.

వాల్వుల దగ్గర వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే స్కేలు) కావాలి. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ తలల వ్యాసం, కాడ లావు, హెడ్ అడుగు నుంచి వాల్వ్ తల ఎంత లోపలికి ఉంది అన్న లోతు. లోతు సరిపోకపోతే వాల్వ్ పిస్టన్‌కి తగులుతుంది. అందుకే నేను కొత్త హెడ్ బిగించాక సెల్ఫ్ కొట్టే ముందు ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పిస్తాను, ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలిందా అక్కడే ఆపి విప్పడమే.

మిగతావి చకచకా చూసేవి: మ్యానిఫోల్డ్ స్టడ్ల దూరాలు, పొగ దారి గుండ్రమా చతురస్రమా, థర్మోస్టాట్ డబ్బా ముందుందా పక్కనుందా (పక్కనుంటే పై హోస్ అందదు), టెంపరేచర్ మీటర్ మర, రాకర్ స్టాండ్ల స్టడ్లు, మొత్తం ఎత్తు. ఎత్తు పాతదానికంటే ఎక్కువుంటే పుష్‌రాడ్లు పొట్టి పడతాయి, టాపెట్ స్క్రూ చివరిదాకా తిప్పినా గ్యాప్ తగ్గదు.

ఒక చిన్న చిక్కు. మీ దగ్గరున్న పాత హెడ్ కూడా ఇంతకుముందు ఎవరో మార్చిందే అయి ఉండొచ్చు, అప్పుడు కేటలాగ్ ఒకటి చెప్తుంది, చేతిలోది ఇంకొకటి చూపిస్తుంది. అలాంటప్పుడు నేను బ్లాక్‌నే అడుగుతాను: బ్లాక్ పైముఖం మీద నీటి, నూనె రంధ్రాలకి ఏ హెడ్ కలిస్తే అదే దాని హెడ్. పదేళ్లు హాయిగా నడిపిన హెడ్ కేటలాగ్‌కి భిన్నంగా ఉన్నా, దాన్నే నమూనాగా పెట్టుకోండి.

ఎక్కడ దొరుకుతుంది

మొదటి మెట్టు మీ కంపెనీ డీలరే, నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా. పార్ట్ నంబరుతో అడిగితే ఉంది, లేదు, తెప్పిస్తాం అని తేల్చి చెప్తారు. ఖరీదు ఎక్కువే, కానీ ఇంజన్ నంబరు రాయించి బిల్లు తీసుకుంటే తేడా వచ్చినప్పుడు మాట్లాడే హక్కు ఉంటుంది.

రెండోది సికింద్రాబాద్ రాణీగంజ్. ఇంజన్ సామాను, ట్రాక్టర్ సామాను షాపులు వరసగా ఉంటాయి, లూధియానా, రాజ్‌కోట్ వైపు తయారయ్యే బయటి కంపెనీల హెడ్లు ఇక్కడ దొరుకుతాయి. వాటిలో చాలా మంచివీ ఉన్నాయి, ఇసుక కూడా సరిగా కడగనివీ ఉన్నాయి. కౌంటర్‌లో మీరు వినే మాట ఇది: “అన్నా, అన్నిటికీ ఇదే పడతది, రోజుకు పది అమ్ముతం.” ఆయన పది అమ్మినా మనకి కావాల్సింది ఒకటే, అట్ట నమూనా తీయండి. నమూనా పెట్టి చూడనివ్వని షాపులో కొనకండి, అంతే.

కొత్త హెడ్ చేతిలోకి రాగానే బోర్లించి నీటి రంధ్రాల్లో సన్నటి తీగ తిప్పండి, ఇసుక రాలితే బాగా కడగాలి. తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో మెల్లగా తట్టండి, గంట మోగినట్టు ఖంగుమనాలి, పగిలిన కుండలా మొద్దుగా పలికితే అనుమానించండి. మరల్లో మీ పాత బోల్టు చేత్తో తిప్పితే సాఫీగా దిగాలి. ‘బేర్ హెడ్’ అంటే వాల్వులు, గైడ్లు లేనిదని, ‘కంప్లీట్’ అంటే అన్నీ బిగించిందని అడిగి తెలుసుకోండి, ధర పోల్చేటప్పుడు ఒక షాపులో ఇది, ఇంకో షాపులో అది చెప్పి తికమక పెడతారు.

మూడోది పాత సామాను. హైదరాబాద్ ఆటోనగర్, ఇంకా పెద్దదైతే విజయవాడ ఆటోనగర్. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ వాళ్లకి విజయవాడ కూడా ఒక్కరోజు పనే. గద్వాల, వనపర్తి వాళ్లకి కర్నూలు దగ్గర. పాతది కొనేటప్పుడు బేరం ఇలా కుదుర్చుకోండి: లీక్ టెస్ట్ అయ్యాక, ఎత్తు కొలిచాక, నమూనా కలిశాక డబ్బు. అడ్వాన్స్ ఇచ్చి, ఫెయిలైతే వాపసు అని చీటీ మీద రాయించుకోండి. ఫ్రెష్‌గా వెండిరంగు పెయింట్ వేసి మెరిసిపోతున్న పాత హెడ్ కంటే మసి, నూనె పట్టి ఉన్నదే నాకు నచ్చుతుంది, పగులు దాచాలంటే పెయింట్ కంటే మంచి సాధనం లేదు. వాల్వుల మధ్య ఇనుము, నాజిల్ చుట్టూ చూడండి, అడుగున రెండు వాల్వులు అంచు కంటే పైకి తేలి ఉంటే అది ఎక్కువసార్లు ఫేసింగ్ తిన్న హెడ్.

ఫోన్ మీద తెప్పించుకోక తప్పకపోతే, హెడ్ అడుగు ముఖం మీద స్కేలు పెట్టి నిటారుగా పైనుంచి తీసిన ఫోటో, పోత నంబరు ఫోటో, నాజిల్ రంధ్రం దగ్గరి ఫోటో పంపి, వాళ్ల దగ్గరున్న దానివీ అవే మూడు ఫోటోలు అడగండి. బాక్స్ మీది ఫోటో పంపిస్తే వద్దనండి.

బిగించడం

బ్లాక్ ముఖం మీద పాత ప్యాకింగ్ ముక్కలు చెక్క ముక్కతోనో ఇత్తడితోనో గీకండి, ఉలి పెట్టకండి. స్టడ్ రంధ్రాల్లో నూనె, నీళ్లు నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు అడుగున చిక్కుకుని బ్లాక్‌నే పగలగొడతాయి, గాలి కొట్టి ఆరబెట్టాలి. లైనర్ అంచు బ్లాక్ కంటే ఎంత పైకి లేచి ఉండాలో పుస్తకం చెప్పిన కొలతకి చూసుకోండి. ప్యాకింగ్ మీద టాప్, ఫ్రంట్ అని రాసి ఉంటుంది, తిరగేసి పెట్టినా కూర్చునే ప్యాకింగులు ఉన్నాయి, అప్పుడు మళ్లీ నూనె రంధ్రం మూసుకుంటుంది.

నట్లు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ పానాతో (బిగువు కొలిచి చూపే పానా). పొడుగు పైపు తొడిగి ‘ఇంకొంచెం’ అని లాగే మేస్త్రి దగ్గర చేయించకండి, ఎంత అనుభవం ఉన్నా చేతికి ఆ లెక్క తెలియదు. సాగిన స్టడ్, మర అరిగిన స్టడ్ ఉంటే ఇప్పుడే మార్చండి. టాపెట్ గ్యాప్ పుస్తకం ప్రకారం పెట్టాలి. ఉదాహరణకి పెర్కిన్స్ మూడు సిలిండర్ల 3.152 వంశానికి చల్లగా ఉన్నప్పుడు 0.30 మి.మీ., అంటే మేస్త్రీలు పన్నెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) అనేది.

స్టార్ట్ చేయగానే పైమూత తీసి ఉంచి రాకర్ల మీదికి నూనె ఊరుతోందో లేదో కళ్లారా చూడండి. రాకపోతే వెంటనే ఆపండి. వస్తుంటే మూత పెట్టి, నీళ్లు పూర్తిగా వేడెక్కేదాకా మెల్లగా తిప్పి, ప్యాకింగ్‌తో వచ్చిన కాగితం మళ్లీ బిగించమని చెప్తే చెప్పినప్పుడే, అదే వరసలో, ఒక్కో నట్టు కొంచెం వదిలి మళ్లీ టార్క్‌కి తేవాలి. హెడ్ కూర్చున్నాక టాపెట్ గ్యాప్ మారుతుంది, అదీ మళ్లీ చూడాలి. రేడియేటర్ బయట గడ్డి, పొట్టు వెనకనుంచి గాలి కొట్టి తీసేసి, లోపల కడిగించి, బోరు నీళ్లు కాకుండా కూలెంట్ కలిపిన మంచి నీళ్లు పోయండి. వాన నీళ్లు పట్టి పెట్టుకున్నా మంచిదే, మా బావ ఇప్పుడు మేడ మీద నుంచి డ్రమ్ములో పడుతున్నాడు.

పాత హెడ్‌ను ఇనుప సామాన్లవాడికి వెంటనే వేయకండి, కొత్తది ఒక సీజన్ నడిచేదాకా మూలన ఉంచండి. కొత్త హెడ్ పోత నంబరు, ఇంజన్ నంబరు, మార్చిన తేదీ టూల్‌బాక్స్ మూత లోపలివైపు పెయింట్‌తో రాయండి.